మన పార్టీలో ఉన్నది ఎవరి మనుషులు?

2023 ఆగస్టులో బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ వచ్చినప్పుడు చాలామంది ఆటగాళ్లను ఇబ్బంది పెట్టిన పాత్ర మింథారా. శత్రుపక్షంలో గాబ్లిన్ల దండును నడిపే పాలడిన్, అంటే శపథం పట్టిన యోధురాలు, ఆవిడ. ఆవిడను మన పార్టీలోకి, అంటే ఆటలో మన వెంట నడిచే జట్టులోకి, తెచ్చుకోవాలంటే అప్పట్లో దారి ఒక్కటే. ప్రకృతిని కొలిచే డ్రూయిడ్ల వనంలో తలదాచుకున్న శరణార్థుల మీద గాబ్లిన్లతో కలిసి విరుచుకుపడాలి. ఆ పని చేస్తే మింథారా వస్తుంది, మనకు తోడు వచ్చే కార్లాక్, విల్ మన ముఖం చూడకుండా వెళ్లిపోతారు. మింథారాను చంపకుండా స్పృహ తప్పించి, తర్వాత చేర్చుకునే వీలు ఆ తర్వాతి అప్‌డేట్‌లో గానీ రాలేదు.

ఒక మనిషి కావాలంటే ఆ మనిషి పక్షం కూడా పట్టాలా? ఈ పేచీ వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ఈ పక్షాన్నే గేముల్లో ఫ్యాక్షన్ అంటారు. ఆ మాట అనగానే మనకు సీమ సినిమాలు, గాల్లోకి లేచే సుమోలు గుర్తొస్తాయి. గేముల్లో ఆ మాటకు అర్థం అంతకన్నా విశాలం: ఒక మఠం, దొంగల ముఠా, రాజవంశం, రహస్య సంఘం, ఏదైనా కావచ్చు. కానీ దాని పుట్టుక మాత్రం నిజంగా యుద్ధంలోనే. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన చైన్‌మెయిల్ చిన్న బొమ్మలతో ఆడే యుద్ధక్రీడ. అందులో ‘లా’ (క్రమం), ‘కేయాస్’ (అరాచకం) అన్నవి గుణగణాలు కావు. ఏ జీవి ఏ సైన్యంలో నిలబడాలో చెప్పే జాబితా, అంతే. మధ్యలో ఎటూ చెందని తటస్థులు.

1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే ఆట అది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులే. అందులో ఉన్న క్లాసులు, అంటే పాత్రలు నేర్చిన విద్యలు, మూడు: యోధుడు, మంత్రగాడు, దేవుడి బలంతో గాయాలు మాన్పే క్లెరిక్. ఆర్నెసన్ ఆటలో ఒకాయన పాత్ర రక్తపిశాచిగా మారి ఎవరికీ లొంగకపోతే, దాన్ని అణచడానికి క్లెరిక్‌ను పుట్టించారని ఆనాటి వాళ్లు చెబుతారు. దొంగ క్లాస్ 1975లో గ్రేహాక్ అనుబంధంతో చేరింది. అంటే క్లాస్ అనేది మొదటి నుంచీ జట్టులో ఉన్న ఒక లోటును పూడ్చే పని. తాళం తీసేవాడు కావాలి, గాయం మాన్పేవాడు కావాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మరి తోడు వచ్చేవాళ్లు? ఆ పుస్తకాల్లో వాళ్లు కిరాయి మనుషులు. ‘కరిజ్మా’, అంటే మనుషుల్ని ఆకట్టుకునే శక్తి, అంకెను బట్టి ఎంతమందిని పెట్టుకోవచ్చో పట్టిక ఉండేది. ఆ అంకె 18 ఉంటే పన్నెండు మంది. వాళ్ల విశ్వాసం కూడా అంకే. జీతం సరిగ్గా ఇవ్వకపోయినా, చావు మీదికి తోసినా అది తగ్గేది, చివరికి పారిపోయేవాళ్లు. విద్య స్థిరం, విశ్వాసం లెక్క. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత తలకిందులవుతుంది.

కంప్యూటర్ల మీదికి వచ్చేసరికి మొదట్లో తోడు వచ్చేవాళ్లకు నోరే లేదు. 1981 నాటి విజర్డ్రీలో ఆరుగురినీ మనమే తయారుచేసుకోవాలి. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఒకే జట్టుగా ఊరు దాటకూడదని నిబంధన. జనం ఊరుకుంటారా? చెడ్డవాణ్ని ముందే గుహలో వదిలి, తర్వాత మంచివాళ్లతో వెళ్లి కలుపుకునేవారు.

1985లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4 ఒక మెట్టు ఎక్కింది. ఎనిమిది సద్గుణాలు, ఎనిమిది ఊళ్లు, ఎనిమిది క్లాసులు, ఊరికొక తోడు. ట్రిన్సిక్‌లో పాలడిన్ డూప్రే, బ్రిటన్‌లో పాటగాడు ఇయోలో. మనం ఏ క్లాస్ అయితే ఆ క్లాస్ మనిషి రాడు. మిగతావాళ్లు కూడా మన నడత చూసి గానీ కదలరు. డబ్బిచ్చి తెచ్చుకునే కూలీ కాస్తా మనల్ని తూచే మనిషి అయ్యాడు.

అసలు మలుపు 1998 డిసెంబరులో, బయోవేర్ చేసిన మొదటి బాల్డర్స్ గేట్‌తో. పార్టీలో ఆరుగురికే చోటు, దారిలో తగిలేవాళ్లు పాతిక మంది. ఒక్కొక్కరూ ఏదో ఒక వర్గం నీడ వెంటబెట్టుకుని వస్తారు. ఖలీద్, జహైరా దంపతులు హార్పర్లనే రహస్య సంఘం వాళ్లు. జార్, మోంటారోన్ వాళ్లకు బద్ధశత్రువులైన జెంటారిమ్ అనే ముఠా మనుషులు. నలుగురినీ కలిపి నడిపిస్తే ఏదో ఒక రోజు కత్తులు దూసుకుంటారు. రాషెమెన్ దేశపు మిన్స్క్ తన మంత్రగత్తె డైనహీర్‌ను విడిపించమని బతిమాలతాడు. థే దేశపు ఎడ్విన్ అదే డైనహీర్‌ను చంపమంటాడు. రెండు దేశాల పగ తెచ్చి మన సత్రం బల్ల మీద పెట్టారన్నమాట. ఆట మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. దేశాల చరిత్ర చదివించకుండా, ఇద్దరు మనుషుల గొడవలో చూపించారు.

2000లో వచ్చిన రెండో భాగం ఇంకో అడుగు వేసింది. మనం ఏ క్లాస్ అన్నదాన్ని బట్టి యోధుడికి కోట, దొంగకు ముఠా, పాలడిన్‌కు ధర్మసంఘంలో చోటు దక్కుతాయి. విద్య, వర్గం ముడిపడ్డాయి. ఇక అందులో తోడు వచ్చే యోషిమో సంగతి చెబితే పాతికేళ్ల తర్వాత కూడా తిట్టేవాళ్లుంటారేమో! పక్కనే ఉండి శల్యసారథ్యం చేసేవాడు. అదీ ఇష్టపడి కాదు, తన మీద వేసిన మంత్రబంధానికి లొంగి.

ఇంకోవైపు 2002లో బెథెస్డా సంస్థ చేసిన మోరోవిండ్‌లో తోడు కంటే వర్గమే పెద్దది. మూడు మహావంశాల్లో ఒకదానిలోనే చేరగలం. పదోన్నతి కావాలంటే ఆ వర్గం కోరే విద్యలు వచ్చి ఉండాలి. అదే సంస్థ 2011లో స్కైరిమ్ చేసేటప్పటికి క్లాసులే ఎత్తేసింది. అంతర్యుద్ధం లాంటి కొన్ని చోట్ల తప్ప ఒక పక్షం పట్టక్కర్లేదు. యోధుల సంఘం, దొంగల ముఠా, హంతకుల కూటమి, మంత్రవిద్యాలయం, నాలుగింటికీ ఒకరే పెద్ద కావచ్చు. తోడు వచ్చే లిడియా ఏ సంఘానికి నువ్వు పెద్దవయ్యావని అడగదు, మూటలు మోస్తుంది. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ అందరికీ పెద్దయితే ఎవరి మాట కాదన్నట్టు?

బాల్డర్స్ గేట్ 3 చేసిన లారియన్ ఈ లెక్కను పూర్తిగా తిరగేసింది. శిబిరంలో ఉండే విదర్స్‌కు వంద బంగారు నాణేలు ఇస్తే తోడువాళ్ల క్లాస్ కూడా మార్చేస్తాడు. షార్ దేవతను కొలిచే క్లెరిక్ షాడోహార్ట్‌ను గొడ్డలి పట్టే బార్బేరియన్ చెయ్యొచ్చు. అయినా ఆమె షార్‌నే కొలుస్తుంది, ఆ దేవత పేరెత్తితే అలాగే ముడుచుకుపోతుంది. 1974లో విద్యే మనిషి, విశ్వాసం ఒక అంకె. ఇప్పుడు విద్యకు ధర ఉంది, పక్షానికి లేదు. మింథారా పేచీ వచ్చింది ఇందుకే.

మూడో భాగంలో మిన్స్క్ మళ్లీ కనిపిస్తాడు, నగరంలో ఒక దొంగల ముఠాకు నాయకుడై, బుద్ధి వశం తప్పి. అతన్ని తెచ్చుకోవడానికి డబ్బు చాలదు, బలం చాలదు. జహైరా మన పక్కన ఉండాలి.