పొద్దుతిరుగుడు పువ్వు అడుగున ఉన్నవి రక్షకపత్రాలేనా? అపోహలు - వాస్తవాలు

ఆస్టరేసి (పొద్దుతిరుగుడు, బంతి వంటివి చేరిన) కుటుంబపు మొక్కలను గుర్తించే పనిలో ఉన్న మేము పువ్వు ముఖంతో పాటు దాని అడుగునూ తప్పకుండా పరిశీలిస్తాం. అక్కడుండే పుచ్ఛాల (పువ్వు లేదా పూగుత్తి అడుగున ఉండే ఆకుల వంటి భాగాల) గురించి విద్యార్థులలో తరచుగా వినిపించే కొన్ని అపోహలకు ఇక్కడ సమాధానం చెబుతున్నాను.

అపోహ: పొద్దుతిరుగుడు పువ్వు కింది ఆకుపచ్చని భాగాలు రక్షకపత్రాలు.

వాస్తవం: మనం ఒక్క పువ్వుగా భావించేది వందలాది పుష్పకాలు (చిన్న పువ్వులు) ఒకే పీఠంపై అమరిన శీర్షం. దాన్ని చుట్టి ఉన్నవి పుచ్ఛాలు; ఆ వలయాన్ని పరిచక్ర పుచ్ఛావళి అంటారు. అసలు రక్షకపత్రాలు ఒక్కొక్క పుష్పకానికీ రూపం మార్చుకుని ఉంటాయి: గడ్డి చామంతిలో ఈకల వంటి కేశాలుగా, పొద్దుతిరుగుడులో త్వరగా రాలిపోయే రెండు సన్నని పొలుసులుగా. లేత పుష్పకాన్ని సూదితో విడదీసి లెన్సుతో చూస్తే, అండాశయం పైఅంచున ఆ పొలుసులు స్పష్టంగా కనిపిస్తాయి.

అపోహ: మొగ్గ విచ్చుకోగానే పుచ్ఛాల పని అయిపోతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే, ఎందుకంటే దీన్ని నమ్మినవారు కాయ దశను గమనించడమే మానేస్తారు. పొద్దుతిరుగుడు పుచ్ఛాలు పూత తరువాత కూడా పత్రహరితంతో ఆహారం తయారుచేస్తాయి. డాండిలయన్‌లో లోపలి వరుస పుచ్ఛాలు పూత ముగియగానే మళ్లీ ముడుచుకుని, గింజలు ముదిరేదాకా వాటిని కాపాడి, ఆ తరువాత వెనక్కి వంగి వాటిని గాలికి వదులుతాయి. మరుల మాతంగిలో స్త్రీ శీర్షపు పుచ్ఛాలు కలిసిపోయి కొక్కేలున్న గట్టి పెంకుగా మారతాయి; బట్టలకు అంటుకునే ఆ కాయను నిలువుగా కోసి చూడండి, రెండు గదులలో రెండు అసలు ఫలాలు ఉంటాయి. బర్డాక్‌లో కొక్కెం ఒక్కొక్క పుచ్ఛం కొనన విడిగా ఉంటుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్‌కు 1941లో వెల్క్రో (కొక్కేలతో అంటుకునే పట్టీ) ఆలోచన తట్టింది తన కుక్క బొచ్చుకు పట్టుకున్న ఆ కొక్కేలను చూసినప్పుడే.

అపోహ: పుచ్ఛాలు ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటాయి.

వాస్తవం: ఎండుపూల అలంకరణలో వాడే స్ట్రాఫ్లవర్‌లో రంగురంగుల రేకులుగా కనిపించేవన్నీ పుచ్ఛాలే. కోసి ఎండబెట్టాక కూడా అవి తేమ తగిలితే ముడుచుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి.

అపోహ: ఇలాంటి వలయం ఉంటే అది ఆస్టరేసి మొక్కే.

వాస్తవం: కాదు, క్యారెట్ పూగుత్తి అడుగునా పుచ్ఛాల వలయం ఉంటుంది. కుటుంబ నిర్ధారణకు గొట్టంలా కలిసిన పరాగకోశాలను, నిమ్న అండాశయాన్ని (మిగతా పుష్పభాగాలకు కింద ఉండే అండాశయాన్ని) కూడా చూడాలి. అయితే కుటుంబం తేలిన తరువాత ప్రజాతులను (కుటుంబంలోని చిన్న వర్గాలను) వేరుచేయడంలో పుచ్ఛాలు ఎంతో నమ్మదగిన లక్షణం: బంతిలో అవి ఒకే వరుసగా కలిసి గిన్నెలా ఏర్పడి నూనె గ్రంథుల చుక్కలతో ఉంటాయి, కుసుమలో బయటి పుచ్ఛాలకు ముళ్లుంటాయి. అందుకే హెర్బేరియం (ఎండబెట్టి భద్రపరిచే మొక్కల సేకరణ) నమూనాను ఒత్తేటప్పుడు కనీసం ఒక శీర్షాన్ని బోర్లా ఉంచండి, మరొకదాన్ని నిలువుగా చీల్చి పెట్టండి.