ఎలక్ట్రిక్ కారా, రేంజ్ ఎక్స్‌టెండరా? కొనే ముందు వదిలించుకోవలసిన అపోహలు

హన్మకొండలో ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్ల రిపేర్లు చేస్తుంటాను. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లు బండి కొనక ముందే వచ్చి సలహా అడుగుతున్నారు. అది మంచి అలవాటు. అయితే వాళ్లు అప్పటికే విని నమ్మిన మాటల్లో సగం తప్పులు. లక్షల రూపాయల విషయం కాబట్టి వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక తేడా తెలియాలి. పూర్తి ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ, మోటార్ మాత్రమే ఉంటాయి. రేంజ్ ఎక్స్‌టెండర్ కారులో కూడా చక్రాలను తిప్పేది మోటారే, ఇంట్లో ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకోవచ్చు కూడా. అదనంగా ఒక పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. ఫంక్షన్ హాల్లో కరెంటు పోతే జనరేటర్ వేసినట్టు, బ్యాటరీ తగ్గినప్పుడు అది కరెంటు తయారు చేస్తుంది. మన షోరూముల్లో ఎక్కువగా కనిపించే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటివి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు, అంటే పెట్రోల్ ఇంజిన్‌కు తోడుగా చిన్న బ్యాటరీ, మోటార్ ఉన్న బండ్లు. వాటికి ప్లగ్ ఉండదు, మొత్తం పెట్రోల్ మీదే నడవాలి. సేల్స్ వాళ్లు రెండింటినీ కలిపి "హైబ్రిడ్" అంటారు. ప్లగ్ ఉందా లేదా అని మొదట అడగండి.

అపోహ: రేంజ్ ఎక్స్‌టెండర్ ఉంటే టెన్షనే లేదు, చార్జింగ్ పెట్టకపోయినా నడుస్తుంది.

నడుస్తుంది, కానీ ఖర్చు చూడండి. లీటరు పెట్రోల్‌తో ఆ ఇంజిన్ సుమారు 3 యూనిట్ల కరెంటు తీస్తుంది. లీటరు 107 రూపాయలు అనుకుంటే యూనిట్ 35 రూపాయలు దాటుతుంది. ఇంటి కరెంటు పై స్లాబులోకి వెళ్లినా యూనిట్ 9, 10 రూపాయలే. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర 20 పైన పడుతుంది. యూనిట్‌కు 6 కిలోమీటర్లు వేసుకుంటే ఇంటి కరెంటు మీద కిలోమీటరుకు రూపాయిన్నర, రెండు రూపాయల మధ్య అవుతుంది. జనరేటర్ మీద దాదాపు 6 రూపాయలు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇంతకన్నా చవకగా నడుస్తుంది. చార్జింగ్ పెట్టని రేంజ్ ఎక్స్‌టెండర్ అంటే బరువైన బ్యాటరీని మోసుకు తిరిగే పెట్రోల్ బండి, అంతే.

చార్జింగ్ పెట్టనివాళ్లు కొద్దిమందే ఉంటారని అనుకోకండి. ప్లగ్ ఉన్న హైబ్రిడ్‌లు రోడ్డు మీద ల్యాబ్ లెక్క కన్నా సగటున 3.5 రెట్లు ఇంధనం తాగుతున్నాయని యూరోపియన్ కమిషన్ 2024లో ప్రకటించింది. దానికి పెద్ద కారణం, జనం అనుకున్నంతగా ప్లగ్ పెట్టకపోవడమే. అందుకే నన్ను అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే: రాత్రి బండి ఎక్కడ పెడతారు? అక్కడ మీ పేరు మీద మీటరు ఉంటే రెండు రకాలూ మీకు పనికొస్తాయి. లేకపోతే రెండింటిలో ఏది కొన్నా ఇబ్బందే.

అపోహ: ఎలక్ట్రిక్ కారుతో హైదరాబాద్ పోయి రాలేం. మేడారం అసలే పోలేం.

"అన్నా, జాతర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చార్జింగ్ అయిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఎలక్ట్రిక్ కారు ఆగి ఉన్నప్పుడు కరెంటు తినేది ఏసీ, లైట్లు మాత్రమే. అది గంటకు యూనిట్, యూనిట్‌న్నర. 45 యూనిట్ల బ్యాటరీలో అది పెద్ద లెక్క కాదు. హన్మకొండ నుంచి మేడారం వంద కిలోమీటర్ల చిల్లర, ఫుల్ చార్జ్‌తో బయల్దేరితే పోయి రావచ్చు. హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఊళ్లో తిరగడం కలిపితే ఒకసారి ఫాస్ట్ చార్జింగ్‌కు అరగంటో ముప్పావుగంటో ఆగాల్సి వస్తుంది. భోజనం టైముకు అది సరిపోతుంది.

కంపెనీ రాసిన రేంజ్ మాత్రం నమ్మి బయల్దేరవద్దు. మన దగ్గర పరీక్ష తక్కువ వేగాల మీద జరుగుతుంది. కాగితం మీది అంకెలో నాలుగో వంతు తీసేసి లెక్క వేసుకోండి. హైవే మీద వందకు పైన పోతే ఇంకా తగ్గుతుంది. చైనా బండ్లకు వెయ్యి కిలోమీటర్ల రేంజ్ అని వీడియోల్లో చెబుతున్నారు. అది నిండు ట్యాంకు, నిండు బ్యాటరీ కలిపి, వాళ్ల పరీక్ష మీద వచ్చిన అంకె.

అయితే ఏటూరునాగారం దాటి గోదావరి అవతలికి, కాళేశ్వరం నుంచి సిరొంచ వైపు, ఆసిఫాబాద్ లోపలి మండలాలకు పని మీద తిరిగేవాళ్ల సంగతి వేరు. అక్కడ ఫాస్ట్ చార్జర్లు పలచన. ఉన్నది పాడైతే రెండోది దగ్గర్లో దొరకదు. వారానికి రెండు మూడుసార్లు అటు పోయే కాంట్రాక్టర్లకు, మెడికల్ రిప్రజెంటేటివ్‌లకు పూర్తి ఎలక్ట్రిక్ కొనమని నేను చెప్పను. రేంజ్ ఎక్స్‌టెండర్ ఆలోచన పుట్టిందే ఇలాంటి వాళ్ల కోసం. రెండేళ్లకోసారి వచ్చే జాతర కోసమో, ఏడాదికోసారి పోయే తిరుపతి కోసమో దాన్ని కొనడం మాత్రం డబ్బు వృథా.

అపోహ: రెండు ఇంజిన్లు ఉన్నట్టే, కాబట్టి రెట్టింపు భరోసా.

రెట్టింపు అయ్యేది మెయింటెనెన్స్. హై వోల్టేజ్ బ్యాటరీ, దాని కూలింగ్, మోటార్, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ ఒకవైపు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, ఫ్యూయల్ పంపు, సైలెన్సర్ ఇంకోవైపు. ఇంజిన్ నడవకపోయినా ఆయిల్ ఏడాదికోసారి మార్చాల్సిందే.

పెట్రోల్ నిలవ ఉండటం ఇంకో సమస్య. రోజూ చార్జ్ చేసుకునేవాళ్ల ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి కదలదు. మనకిప్పుడు పంపుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. 2010లో వచ్చిన షెవర్లే వోల్ట్‌లో ఇందుకు ఏర్పాటు చేశారు. పెట్రోల్ ఏడాదికి మించి పాతదైతే ఇంజిన్ దానంతట అదే స్టార్టై దాన్ని కాల్చేసేది. మీరు చూస్తున్న బండిలో అలాంటిది ఉందా అని అడగండి. ఉన్నా లేకున్నా ట్యాంకు నింపి వదిలేయకుండా కొంచెమే పోయించండి, నెలకోసారి ఇంజిన్ నడపండి.

చిన్న జనరేటర్ ఉన్న బండ్లలో శక్తి సమస్య కూడా ఉంది. బీఎండబ్ల్యూ ఐ3 రేంజ్ ఎక్స్‌టెండర్‌లో మోటార్ 125 కిలోవాట్లు, ఇంజిన్ 28 కిలోవాట్లే. బ్యాటరీ పూర్తిగా దిగాక పొడవైన ఎత్తు ఎక్కాలంటే వేగం పడిపోయేది. బ్రోచర్‌లో మోటార్ హార్స్‌పవర్‌తో పాటు జనరేటర్ కిలోవాట్లు కూడా చూడండి.

అపోహ: మన ఎండలకు బ్యాటరీ నాలుగైదేళ్లకే పోతుంది.

రామగుండంలో 45 డిగ్రీలు దాటే ఎండలు మనకు తెలుసు. వేడి బ్యాటరీ వయసును తగ్గిస్తుందన్నది నిజమే. అందుకే ఇప్పటి కార్లలో చాలావాటికి లిక్విడ్ కూలింగ్ ఇస్తున్నారు, 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ మామూలైంది. ఎండలో నిండు చార్జ్‌తో రోజుల తరబడి వదిలేయకండి, ఎండన పడి వచ్చిన వెంటనే ఫాస్ట్ చార్జింగ్ పెట్టకండి. ఈ రెండు జాగ్రత్తలతో చాలా మేలు.

ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. నిజంగా 300 కిలోమీటర్లు పోయే బ్యాటరీ లక్షన్నర కిలోమీటర్లకు 500 సార్లు నిండి ఖాళీ అవుతుంది. ఆ దూరమంతా కరెంటు మీదే నడిపితే, 100 కిలోమీటర్లు పోయే రేంజ్ ఎక్స్‌టెండర్ బ్యాటరీ 1,500 సార్లు అవుతుంది. చిన్న బ్యాటరీకి శ్రమ ఎక్కువ. అది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే తట్టుకుంటుంది, కాబట్టి రకం అడిగి తెలుసుకోండి.

అపోహ: కరెంటు కూడా బొగ్గుదే కదా, కాలుష్యం ఒకటే.

రామగుండం, భూపాలపల్లి పొగగొట్టాలను రోజూ చూసే మనకు ఈ మాట తొందరగా ఎక్కుతుంది. దేశం సగటున యూనిట్ కరెంటుకు 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు దాదాపు 120 గ్రాములు. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారు పొగ గొట్టం నుంచే 150 గ్రాములు వదులుతుంది. మంచి స్ట్రాంగ్ హైబ్రిడ్ మాత్రం ఎలక్ట్రిక్‌కు దగ్గరగానే వస్తుంది, ఇది ఒప్పుకోవాలి. డాబా మీద సోలార్ పెడితే లెక్క మారిపోతుంది. 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ 78,000 రూపాయలు, రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. అది 70 కిలోమీటర్ల ప్రయాణం.

అపోహ: హైబ్రిడ్‌కూ ఎలక్ట్రిక్‌కూ ఒకే రాయితీ.

కాదు. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న హైబ్రిడ్‌కు 18, పెద్దదానికి 40. తెలంగాణలో రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు ఇచ్చారు. షోరూమ్ ధర కాకుండా ఆన్‌రోడ్ ధరలు పోల్చండి.

అపోహ: ఇంట్లో ఏ సాకెట్‌లోనైనా చార్జింగ్ పెట్టుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. 15 ఆంపియర్ల చార్జర్ ఎనిమిది, పది గంటలు ఆపకుండా పూర్తి లోడ్ లాగుతుంది. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, ఇది ఆగదు. పాత ఇళ్లలో సన్నని వైర్లు, వదులైన సాకెట్లు వేడెక్కి కరిగిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద కారు చార్జింగ్ ఎప్పుడూ పెట్టకండి.

మీటరు దగ్గర నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఇండస్ట్రియల్ సాకెట్, లోడ్ ఎక్కువైతే ట్రిప్ అయ్యే సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాలి. 7.2 కిలోవాట్ల చార్జర్‌కు వైరు కనీసం 6 స్క్వేర్ ఎంఎం. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా చార్జర్లు ఎర్రలైటు చూపి ఆగిపోతాయి. చార్జర్ పాడైందని మా దగ్గరికి తెచ్చినవి చాలావరకు బాగానే ఉంటాయి, ఇంటి ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోయి ఉంటుంది. అందులో నీళ్లు పోయించి కొలిపించండి. మీటరు మీద శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో బిల్లులో చూసుకుని, తక్కువైతే విద్యుత్ సెక్షన్ ఆఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టండి. ఈ పనులన్నీ అయ్యాకే బండికి అడ్వాన్స్ కట్టండి.