రవిశంకర్ కూతుళ్ల గురించి పిల్లలకు ఓ ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మీ వాదన అంతా విన్నాను. ఎవరి పేరు ఎత్తినా ఒకరు “నెపో కిడ్” అంటారు, అంటే పెద్దవాళ్ల పేరుతో పైకొచ్చిన వారసులని, ఇంకొకరు “అయితే ఏంటట, టాలెంట్ ఉందిగా” అంటారు. సినిమా వారసుల జోలికి నేను రాను, వాళ్ల సంగతి అభిమాన సంఘాలు చూసుకుంటాయి. కానీ సంగీతం విషయంలో ఒక మాట చెప్పాలనిపించింది.

పేరున్న వాళ్ల పిల్లల కోసం మన దగ్గర రెండు సామెతలు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. బాగా వాయిస్తే “పులి కడుపున పులే పుడుతుంది”. తడబడితే “పండిత పుత్ర పరమ శుంఠ”. ఎటు తిప్పినా మాట పెద్దాయన గురించే. ఎదురుగా కూర్చుని వాయిస్తున్న మనిషి ఏం చేస్తున్నారో ఎవరికీ పట్టదు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ కూతురు అనౌష్క శంకర్‌ను చాలాకాలం అలాగే విన్నారు జనం.

ఆమె 1981లో లండన్‌లో పుట్టింది. అప్పటికి రవిశంకర్‌కు 61 ఏళ్లు. చిన్నప్పుడే తండ్రి దగ్గర సితార్ పట్టింది. 1995లో ఢిల్లీలో, 13 ఏళ్ల వయసులో, తొలి కచేరీ. తబలా మీద ఎవరనుకున్నారు? జాకీర్ హుస్సేన్! అంత పేరున్న ఆయన ఇంకే పదమూడేళ్ల పిల్ల పక్కన కూర్చునేవారు చెప్పండి. ఇంటిపేరు తలుపు తీసింది, అందులో దాచేదేమీ లేదు. ఇంతవరకు నెపో కిడ్ పార్టీ వాళ్లదే గెలుపు.

అయితే సితార్ వాయించడమంటే ఏమిటో కూడా తెలుసుకోండి. ఎడమచేతి వేళ్లతో ఉక్కుతీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగాలి. అలా లాగుతుంటే ఒక స్వరం తెగకుండా ఇంకో స్వరంలోకి జారుతుంది. దాన్నే మీండ్ అంటారు. ఎంత లాగాలన్నది మెట్ల మీద గుర్తు పెట్టి ఉండదు, చెవే చెప్పాలి. వెంట్రుకవాసి తగ్గినా అపశ్రుతి. మొదట్లో తీగ వేలికొసను కోస్తుంది. ఆ కోత ఆరకముందే మళ్లీ అక్కడే నొక్కాలి. కొన్నాళ్లకు వేళ్లు కాయలు కాస్తాయి. రవిశంకర్ కూతురని తీగ కోయకుండా వదలదు కదా.

1998లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో తండ్రి బాణీలే వాయించింది. శుభ్రంగా ఉంటుంది, మంచి శిష్యురాలు అనిపిస్తుంది, అంతే. నాలుగేళ్ల తర్వాత, 2002 నవంబరులో, రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న బీటిల్స్ బృందం గిటారిస్టు జార్జ్ హారిసన్ పోయి ఏడాదైన సందర్భంగా లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కచేరీ పెట్టారు. దానికోసం రవిశంకర్ ‘అర్పణ్’ అని ఒక రచన చేశారు. వాద్యబృందం ముందు నిలబడి దాన్ని నడిపించింది మాత్రం 21 ఏళ్ల అనౌష్క. వీడియో దొరికితే పాట కన్నా ఆమె చేతుల మీద ఎక్కువ కన్నేయండి. మన వాద్యాల వాళ్లు, పాశ్చాత్య వాద్యాల వాళ్లు ఒకే వేదిక మీద ఆ చేతుల కోసం చూస్తుంటారు.

2005లో ‘రైజ్’ ఆల్బమ్ వచ్చింది. అందులో బాణీలు ఆమెవే. 2011లో ‘ట్రావెలర్’ కోసం స్పెయిన్ ఫ్లెమెంకో కళాకారులతో కలిసింది. ఆ సంగీతంలో చాలా రకాలు 12 మాత్రల (బీట్ల) మీద నడుస్తాయి. మన లెక్కలోనూ 12 మాత్రల తాళముంది కాబట్టి సులువే అనుకుంటాం. తీరా వింటే వాళ్ల దెబ్బలు మనం ఎదురుచూసే చోట పడవు. ఆ నడకలో సితార్‌ను సితార్‌లాగే ఉంచి వాయించడం మాటలు కాదు. ఆల్బమ్ మొత్తం నాకు నచ్చిందని అనను, కొన్నిచోట్ల హంగు ఎక్కువైంది. సంప్రదాయం చెడిందని గొణిగేవాళ్లు ఒకటి మరిచిపోతారు. మన దక్షిణాది రాగాలు కీరవాణిని, చారుకేశిని తీసుకెళ్లి హిందుస్తానీ వేదికల మీద సితార్‌తో పలికించింది ఆవిడ తండ్రే.

ఇంకో కూతురి సంగతి చూడండి. నోరా జోన్స్ 1979లో న్యూయార్క్‌లో పుట్టి, తల్లి దగ్గర టెక్సాస్‌లో పెరిగింది. 16 ఏళ్లప్పుడు పేరులోంచి శంకర్ తీసేసుకుంది. పియానో, జాజ్, మెల్లగా పాడే గొంతు. 2002లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్‌లో తండ్రి సంగీతం జాడే ఉండదు. మరుసటి ఏడాది ఆమెకే ఐదు గ్రామీ అవార్డులు వచ్చాయి. అదే ఏడాది అనౌష్క కూడా నామినేషన్‌లో ఉంది, రాలేదు. వీళ్లిద్దరి కంటే చాలా ముందు పుట్టిన కొడుకు శుభేంద్ర కూడా సితార్ వాయించాడు. 1992లోనే పోయాడు. ఆయన పేరు మీలో ఎవరైనా విన్నారా? ఇంటిపేరు అందరికీ ఒకేలా కలిసిరాదు మరి.

2012 నవంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో రవిశంకర్ చివరి కచేరీ చేశారు, పక్కన అనౌష్క. డిసెంబరులో ఆయన పోయారు. రెండు నెలల తర్వాత గ్రామీల్లో ప్రపంచ సంగీతం విభాగంలో తండ్రి ఆల్బమ్, కూతురి ‘ట్రావెలర్’ రెండూ పోటీలో ఉన్నాయి. అవార్డు తండ్రికే వెళ్లింది. ఆ 2013లోనే అనౌష్క తెచ్చిన ‘ట్రేసెస్ ఆఫ్ యూ’లో మూడు పాటలు నోరా పాడింది. రెండు ఇళ్లలో పెరిగిన అక్కచెల్లెళ్లు అక్కడ కలిశారు. సితార్ ఎక్కడ ఆగి గొంతుకు దారిస్తుందో గమనిస్తూ వినండి.

మీరు మాత్రం అక్కడ మొదలుపెట్టకండి, తండ్రి రికార్డులతో అసలే వద్దు. శరణార్థుల గోడు మీద 2016లో చేసిన ‘ల్యాండ్ ఆఫ్ గోల్డ్’ ముందు వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి. నచ్చకపోతే మొహమాటం లేకుండా నాకు రాయండి. ఎందుకు నచ్చలేదో కూడా రాయాలి. “వాళ్ల నాన్నలా లేదు” అన్న కారణం మాత్రం నేను ఒప్పుకోను.

ఇట్లు,
మీ తాతయ్య