ట్రైనర్‌కి ఏ ఇంజన్ పెట్టాలి?

పిల్లలూ,

మీరు కొన్న ట్రైనర్, అంటే ఎగరేయడం నేర్చుకునే రిమోట్ మోడల్ విమానం, 40 సైజుదని రాశారు, మంచిది. కానీ "60 ఇంజన్ పెడితే ఇంకా బాగా ఎగురుతుంది కదా తాతయ్యా" అన్నారు చూశారా, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

40 అంటే 0.40 క్యూబిక్ అంగుళాలు, సుమారు 6.5 సీసీ. 46 అంటే 7.5 సీసీ, 60 అంటే దాదాపు 10. పెట్టె మీద 40–46 అని వేశారంటే ముక్కు దగ్గర చెక్క ఎంత ఊపు తట్టుకుంటుందో, బరువు ఎక్కడ తూగాలో చూసుకునే వేశారు. 60 బిగిస్తే ముక్కు కిందికి వాలుతుంది, దాన్ని సరిచేయడానికి తోకలో సీసం పెడతారు, దాంతో మొత్తం బరువు పెరుగుతుంది. బరువైన విమానం వేగంగా దిగాలి, లేకపోతే గాలిలోనే పట్టు తప్పుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కావలసింది నెమ్మదిగా ఎగిరేది, చేతులు తడబడినా ఆలోచించుకునే టైమిచ్చేది.

నన్నడిగితే 46 టూ స్ట్రోక్ గ్లో ఇంజన్ (మిథనాల్ కలిసిన ఇంధనంతో నడిచేది) తీసుకోండి. చాలా కంపెనీల 40, 46 పై కొలతల్లో పెద్ద తేడా ఉండదు, బరువూ అంతంతే, కానీ 46 అయితే సగం థ్రాటిల్ మీద హాయిగా తిరుగుతుంది, గడ్డి నేల మీంచి లేవడానికీ కాస్త బలం మిగులుతుంది. ఫోర్ స్ట్రోక్ శబ్దం నాకూ ఇష్టమే, ఇంధనం కూడా తక్కువ తాగుతుంది, అయితే ఖరీదెక్కువ, అప్పుడప్పుడు వాల్వుల సందు సరిచూడాలి. రెండో విమానానికి చూద్దాం.

ఇంజన్ ఇరుసు నున్నటి లోహపు గొట్టంలో తిరిగే బుష్ రకమా, గుండ్ల మీద తిరిగే బాల్ బేరింగ్ రకమా అన్నది ఇంకో ప్రశ్న. బేరింగ్ ఉన్నది బలమైనదే. కానీ మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఆ రోజు ఎగరేయడం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌లో మిగిలిన ఇంధనం కూడా మండిపోయేదాకా నడిపి, నాలుగు చుక్కల నూనె వేయకపోతే బేరింగులు తుప్పు పడతాయి. ఆ ఓపిక మీకు ఉంటే బేరింగుది కొనండి. లేదంటే బుష్‌దే చాలు, ట్రైనర్‌కి దాని బలం సరిపోతుంది. అలాగని దానికి నూనె అక్కర్లేదని కాదు.

ఏబీసీ (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత వేసిన ఇత్తడి సిలిండర్) అని రాసి ఉన్న కొత్త ఇంజన్‌ని చేత్తో తిప్పి చూస్తే పిస్టన్ పైకి వచ్చేసరికి కీచుమని పట్టేస్తుంది. పాడైందనుకుని వెనక్కి ఇచ్చేయకండి. ఇత్తడి సిలిండర్ లోపల పైభాగంలో కావాలనే కాస్త ఇరుకుగా ఉంటుంది, వేడెక్కితే వ్యాకోచించి సరిగ్గా కుదురుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఊరికే తిప్పుతూ కూర్చోకూడదు. పిస్టన్‌కి రింగున్న ఇంజన్లకి మొదట్లో ఇంధనం బాగా ఎక్కువిచ్చి, చల్లగా ఉండేలా నడుపుతారు. ఏబీసీకి అంత అక్కర్లేదు, మరీ చల్లగా నడిస్తే దానికే చేటు. ఏది కొన్నా దానితో వచ్చిన కాగితం పూర్తిగా చదవండి. ఇంధనంలో నూనె, నైట్రో (నైట్రోమీథేన్) ఎంతుండాలో కూడా అందులోనే ఉంటుంది. ప్రొపెల్లర్ 46కి 11x6తో (వ్యాసం 11 అంగుళాలు, పిచ్ అంటే ఒక చుట్టుకి ముందుకు జరిగే లెక్క 6 అంగుళాలు) మొదలుపెట్టొచ్చు.

అసలు చూడాల్సింది ఐడిల్, అంటే ఇంజన్ అతి నెమ్మదిగా తిరగడం. థ్రాటిల్ పూర్తిగా తగ్గించినా ఆగకుండా తిరగాలి, పెంచగానే నసగకుండా అందుకోవాలి. గాలిలో ఆగిపోయిందంటే చాలామంది ఇంజన్‌నే తిడతారు గానీ ఎక్కువసార్లు తప్పు ట్యాంకుదో, ఇంజన్‌కి ఇంధనం ఎంత వెళ్లాలో సర్దే నీడిల్‌దో అయి ఉంటుంది. ట్యాంకు మధ్య గీత నీడిల్ వాల్వ్ ఎత్తులో గానీ కొంచెం కింద గానీ ఉండాలి. తర్వాత ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, పెద్దవాళ్లెవరైనా విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు ఆకాశం వైపు ఎత్తాలి. అప్పుడు ఇంధనం పైకి ఎక్కాల్సి వస్తుంది. శబ్దం సన్నబడి ఇంజన్ నీరసిస్తే నీడిల్ రెండు క్లిక్కులు తెరవండి. అది కూడా ప్రొపెల్లర్ వెనక నిలబడే తిప్పాలి, ముందు నుంచి చెయ్యి పెట్టకూడదు. స్టార్ట్ చేయడానికి వేలు వాడితే ఊరుకోను, కర్రో స్టార్టరో ఉండాల్సిందే. మిథనాల్ మంట పగటి వెలుగులో కనబడదు, అది విషం కూడా, చేతికి అంటితే వెంటనే కడుక్కోండి.

ఇదంతా జిడ్డు వ్యవహారం అనిపిస్తే ఎలక్ట్రిక్ మోటార్ పెట్టండి, నాకేం కోపం లేదు. లెక్క తేలికే. ట్రైనర్‌కి కిలోకి 150 నుంచి 200 వాట్లు చాలు. మీది రెండున్నర కిలోలు తూగితే 500 వాట్లు అనుకోండి. మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 11.1 వోల్టులు, అంటే 45 ఆంపియర్లు లాగుతుంది, మోటార్ వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్ 60 ఆంపియర్లదైతే నిశ్చింత. నాలుగు సెల్స్ అయితే 34తో సరిపోతుంది. లైపో ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు దగ్గరే ఉండాలి.

కొనే ముందు రెండు సంగతులు రాసి పంపండి: ఇంజన్ లేకుండా విమానం బరువెంత, ముక్కు దగ్గర ఇంజన్ మౌంట్ మధ్య ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు. అవి చూశాక ఏ మోడలో చెబుతాను.

మీ తాతయ్య