బర్మా నుంచి బ్రిటన్ దాకా: నేపాలీల దారి, ఘానా వాళ్ల దారి

నా చిన్నప్పుడు రాత్రి పన్నెండు దాటాక మా వీధిలో కర్ర చప్పుడు వినిపించేది. కరెంటు స్తంభం మీద ఒక దెబ్బ, ఆ వెంటనే పొడుగాటి విజిల్. నెల మొదటివారంలో ఆ మనిషే పగటిపూట గేటు దగ్గర నిలబడేవాడు, చేతిలో చిన్న నోటుబుక్కుతో. "గూర్ఖా వచ్చాడమ్మా" అని కేకేస్తే అమ్మ ఐదో పదో తెచ్చి ఇచ్చేది. ఆయన పేరేంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. గోర్ఖా అనేది నేపాల్లో ఒక ఊరని, పృథ్వీనారాయణ షా రాజ్యం అక్కడినుంచే పెరిగిందని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. మన భాషలో అదొక ఉద్యోగం పేరైపోయింది.

బ్రిటన్‌లో కూడా చాలాకాలం అంతే. గూర్ఖా అంటే పటాలం, కుక్రీ, విధేయత. ఆ మనిషి రిటైరయ్యాక ఎక్కడుంటాడు, ఏం తింటాడు అనే ప్రశ్న 2000ల దాకా అక్కడ పెద్దగా ఎవరికీ రాలేదు. ఇవాళ లండన్‌కి నైరుతిలో ఉన్న ఆల్డర్‌షాట్ అనే మిలిటరీ టౌన్‌లో టోపీ పెట్టుకున్న నేపాలీ తాతలు, శాలువా కప్పుకున్న బామ్మలు పార్కు బెంచీల మీద కూర్చుని కనిపిస్తారు. లండన్ ఉత్తరాన టాటెన్‌హామ్‌కి వెళ్తే ఆదివారం ఉదయం రంగురంగుల బట్టల్లో చర్చికి వెళ్తున్న ఘానా కుటుంబాలు. ఈ రెండు సమాజాల చదువు, సంపాదన, ఇళ్లు పక్కపక్కన పెట్టి ఎవరు ముందున్నారో తేల్చాలని చూస్తారు కొందరు. నా మటుకు నాకు అది సగం లెక్క. ఎవరు ఏ వయసులో, ఎవరి పిలుపు మీద, ఏ కాగితం పట్టుకుని వచ్చారో చూడకుండా ఆ అంకెలు చదివితే తప్పుదారి పడతాం. పైగా ఆ అంకెలు దొరకడమే కష్టం. అక్కడి ప్రభుత్వ పట్టికల్లో ఘానా వాళ్లు మామూలుగా 'బ్లాక్ ఆఫ్రికన్' అనే పెద్ద గుంపులో, నేపాలీలు 'ఇతర ఆసియన్లు' అనే గుంపులో కలిసిపోతారు.

కథ మొదలయ్యేది మాత్రం ఒకేచోట, బర్మాలో. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లకి ఆ దేశం కొత్తేం కాదు. రంగూన్ రేవులో, మిల్లుల్లో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వస్తుంటే కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వెనక్కొచ్చిన కుటుంబాలు అక్కడ ఎన్నో. వాళ్లు వదిలేసి వచ్చిన నేల మీదే రెండేళ్ల తర్వాత ఇటునుంచి గూర్ఖా పటాలాలు, అటునుంచి పశ్చిమాఫ్రికా సిపాయిలు బ్రిటన్ తరఫున పోరాడారు. గోల్డ్‌కోస్ట్, అంటే ఇప్పటి ఘానా, నైజీరియా, సియెర్రా లియోన్, గాంబియాల నుంచి వచ్చినవాళ్లు 81వ పశ్చిమాఫ్రికా డివిజన్‌లో ఉండేవారు. కలదాన్ లోయలో బండ్లు పోని దారుల్లో వాళ్లు సామాన్లు నెత్తిన మోసుకుంటూ నడిచారు. వాళ్ల చొక్కా మీద బ్యాడ్జీ ఒక సాలీడు బొమ్మ. అది అనాన్సి. మన తెనాలి రామలింగడిలా తెలివితో గట్టెక్కే పాత్ర, ఘానాలోని అకాన్ ప్రజల కథల్లోది.

యుద్ధం అయిపోయింది. ఇచ్చిన మాటల సంగతి అడిగే రోజు వచ్చింది. 1948 ఫిబ్రవరి 28న గోల్డ్‌కోస్ట్ రాజధాని ఆక్రాలో మాజీ సైనికులు తమ పెన్షన్లు, ఉద్యోగాల గురించి గవర్నర్‌కి అర్జీ ఇవ్వడానికి క్రిస్టియన్స్‌బోర్గ్ కోట వైపు నడిచారు. చేతుల్లో ఆయుధాల్లేవు. దారిలో పోలీసులు ఆపారు, కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు: సార్జెంట్ ఆజెటీ, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టీ లాంప్టీ. ఊరంతా భగ్గుమంది. కంపెనీల దుకాణాలు లూటీ అయ్యాయి. క్వామే ఎన్‌క్రుమాతో సహా ఆరుగురు నాయకుల్ని జైల్లో పెట్టారు. అక్కణ్నుంచి తొమ్మిదేళ్లు, 1957 మార్చి 6న గోల్డ్‌కోస్ట్ ఘానాగా స్వతంత్రమైంది. పెన్షన్ అర్జీ ఒక దేశాన్ని తెచ్చిపెట్టింది.

గూర్ఖాలకి ఆ అవకాశం లేదు, ఎందుకంటే వాళ్ల దేశం ఎవరి వలస రాజ్యమూ కాదు. 1816 నాటి సుగౌలీ ఒప్పందంతో నేపాల్ భూమి పోగొట్టుకుంది గానీ సింహాసనం పోగొట్టుకోలేదు. ఆ యుద్ధం నాటి నుంచే నేపాల్ యువకులు ఈస్టిండియా కంపెనీ పటాలాల్లో చేరుతున్నారు. 1947లో ఇండియా స్వతంత్రమైనప్పుడు పది గూర్ఖా రెజిమెంట్లని పంచుకున్నారు: ఆరు మనకి, నాలుగు బ్రిటన్‌కి. నేపాల్, ఇండియా, బ్రిటన్ మూడూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. బ్రిటన్ గూర్ఖా జీతం లెక్క ఇండియా సైన్యం పే కోడ్‌కి ముడిపడింది. పెన్షన్ కూడా ఆ దారే పట్టింది. అలా మలయా అడవుల్లో, ఫాక్‌లాండ్స్‌లో బ్రిటన్ కోసం పోరాడిన మనిషి పెన్షన్‌కి కొలబద్ద ఢిల్లీలో ఉండిపోయింది. రిటైరయ్యాక నేపాల్ కొండల్లోకే వెళ్లిపోతాడు, అక్కడ ఖర్చు తక్కువ, అన్నది బ్రిటన్ వాదన. పదిహేనేళ్ల సర్వీసుకే పెన్షన్ మొదలవుతుందని కూడా చెప్పేవారు. అది నిజమే. కానీ పదిహేనేళ్లు నిండకుండానే ఇంటికి పంపేసిన బర్మా యుద్ధపు సిపాయిలకి ఆ పెన్షన్ కూడా లేదు. వాళ్ల కోసం 1969లో విరాళాలతో గూర్ఖా వెల్ఫేర్ ట్రస్ట్ పెట్టాల్సి వచ్చింది.

ఈలోగా ఘానా వాళ్లు బ్రిటన్ చేరుకోవడం మొదలైంది. 1948 జాతీయత చట్టం ప్రకారం వలస రాజ్యాల్లో పుట్టినవాళ్లకి కూడా బ్రిటన్‌కి వచ్చి ఉండే హక్కు అప్పట్లో ఉండేది. మొదట వచ్చినవాళ్లలో చాలామంది చదువుకోవడానికి వచ్చినవాళ్లే. లా, అకౌంట్స్, నర్సింగ్ చదివి వెనక్కి వెళ్లాలన్నది ప్లాన్. అలా వెళ్లొచ్చినవాళ్లని అక్కడ 'బీన్ టు' అనేవారు, మన దగ్గర 'ఫారిన్ రిటర్న్డ్' అన్నట్టు. భార్యాభర్తలిద్దరూ పగలు పని, రాత్రి చదువు. పిల్లల్ని చూసేవాళ్లు లేక, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో తెల్లవాళ్ల ఇళ్లలో వారానికింత అని డబ్బు కట్టి ఉంచేవారు. పశ్చిమాఫ్రికా పిల్లలు వేలమంది అలా పెరిగారు. అమ్మానాన్నలు నెలకోసారి చూడటానికి వస్తే వాళ్ల భాష పిల్లలకి అర్థమయ్యేది కాదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి గల్ఫ్ వెళ్లిన మన కడప, నిజామాబాద్, కరీంనగర్ కుటుంబాలకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

వెనక్కి వెళ్లే ప్లాన్ 1966 తర్వాత చెదిరిపోయింది. దేశాధ్యక్షుడైన ఎన్‌క్రుమాని సైన్యం దించేసింది. కోకో ధర పడిపోయింది. ఒక కుట్ర తర్వాత ఇంకో కుట్ర. బతకడానికి లక్షలమంది చమురు డబ్బున్న నైజీరియాకి వెళ్లారు. 1983లో నైజీరియా వాళ్లందర్నీ వెళ్లగొట్టింది, దాదాపు పదిలక్షల మందిని. గళ్ల ప్లాస్టిక్ సంచుల్లో బట్టలు కుక్కుకుని బయల్దేరారు కాబట్టి ఆ సంచికే 'ఘానా మస్ట్ గో' అని పేరు పడింది. అదే ఏడు ఘానాలో కరువు, కార్చిచ్చులు. తిండిలేక బయటికొచ్చిన మెడ ఎముకల్ని జనం 'రాలింగ్స్ గొలుసు' అని పిలుచుకున్నారు, అప్పటి పాలకుడి పేరు మీద. అంత ఆకలిలోనూ వెటకారం పోలేదు. ఆ ఏడే ఐఎంఎఫ్ షరతులతో సంస్కరణలు మొదలై ప్రభుత్వ ఉద్యోగాలు ఊడాయి. టీచర్లు, గుమస్తాలు, నర్సులు లండన్, ఆమ్‌స్టర్‌డామ్, హాంబర్గ్ దారి పట్టారు. 1986లో బ్రిటన్ ఐదు దేశాల వాళ్లకి కొత్తగా వీసా తప్పనిసరి చేసింది. ఆ ఐదులో ఘానాతో పాటు ఇండియా కూడా ఉంది.

ఆ తరం ఘానా వాళ్లు లండన్ ఆఫీసులు తెల్లవారుజామున తుడిచారు. డిగ్రీ ఉన్నా సరే. ఇవాళ కూడా కేర్ హోముల్లో, క్లీనింగ్‌లో, సెక్యూరిటీలో వాళ్లు చాలామంది. కానీ యాభై, అరవై ఏళ్లుగా ఉన్న సమాజం కాబట్టి మూడో తరం వచ్చేసింది. 2002లో బ్రిటన్ కేబినెట్‌లో మొదటి నల్లజాతి మంత్రి అయిన పాల్ బోటెంగ్ తండ్రి ఘానా మనిషి. 2022లో కొద్దివారాలు ఆర్థికమంత్రిగా ఉండి మార్కెట్లని గందరగోళపెట్టిన క్వాసీ క్వార్టెంగ్ తల్లిదండ్రులు ఘానా నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లే.

ఇక గూర్ఖాల సంగతి. 1997లో హాంకాంగ్‌ని చైనాకి అప్పగించాక వాళ్ల బ్రిగేడ్ మకాం బ్రిటన్‌కి మారింది. దాంతో వాదన తిరగబడింది: మా మకాం ఇక్కడైనప్పుడు మా ఇల్లు ఇక్కడెందుకు కాకూడదు? 2004లో ప్రభుత్వం ఒప్పుకుంది, కానీ 1997 జూలై 1 తర్వాత రిటైరైనవాళ్లకి మాత్రమే. అంతకుముందు రిటైరైనవాళ్లు విడిగా అప్లై చేసుకోవాలి. అప్పుడు జరిగింది తుల్ బహదూర్ పున్ వ్యవహారం. 1944 జూన్‌లో బర్మాలోని మొగాంగ్ దగ్గర తన జట్టంతా పడిపోయినా ఒంటరిగా ఎదురు నడిచి, బ్రిటన్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న మనిషాయన. ఎనభై దాటిన వయసులో, ఒంట్లో బాగాలేక, బ్రిటన్‌లో ఉంటానని అప్లికేషన్ పెట్టుకుంటే కాదన్నారు. బ్రిటన్‌తో బలమైన సంబంధాలు ఉన్నట్టు చూపించలేదన్నది కారణం. పేపర్లు దుమ్మెత్తిపోశాక 2007లో వీసా వచ్చింది. నటి జోవానా లమ్లీ ఉద్యమంలోకి దిగింది ఆ తర్వాతే. ఆమె తండ్రి, పున్ పనిచేసిన 6వ గూర్ఖా రెజిమెంట్‌లోనే ఆఫీసరు. 2009 ఏప్రిల్ 29న పార్లమెంటులో గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం ఈ విషయం మీద 267–246 ఓట్లతో ఓడిపోయింది. మే 21న, కనీసం నాలుగేళ్లు పనిచేసిన మాజీ గూర్ఖాలందరికీ తలుపు తెరిచారు.

ఇక్కడే ఉంది రెండు సమాజాల మధ్య అసలు తేడా. ఘానా వాళ్లు యవ్వనంలో, ఇంగ్లీషుతో, ఒక్కొక్కరుగా వచ్చారు. గూర్ఖాలు చాలామంది ముసలితనంలో, ఇంగ్లీషు రాకుండా, ఒక్కసారిగా వచ్చారు. 2001లో బ్రిటన్‌లో నేపాల్‌లో పుట్టినవాళ్లు ఆరువేల లోపు. 2011లో ఇంగ్లండ్, వేల్స్‌లోనే తాము నేపాలీలమని రాసుకున్నవాళ్లు దాదాపు 60 వేలు. ఆల్డర్‌షాట్ ఉండే రష్‌మూర్‌లో అది జనాభాలో ఆరు శాతం పైనే. చిన్న టౌన్ కదా, డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకలేదన్నా, పార్కులో బెంచీ ఖాళీ లేదన్నా వీళ్లనే అనడం మొదలైంది. స్థానిక ఎంపీ ప్రధానికే ఫిర్యాదు చేశాడు. నేపాల్లో పోఖరాలోనో ధరాన్‌లోనో సొంత ఇల్లు, పరువు ఉన్న పెద్దమనిషి ఇక్కడ అద్దెగదిలో, ఆదాయం తక్కువున్న ముసలివాళ్లకి ప్రభుత్వమిచ్చే పెన్షన్ క్రెడిట్ అనే భత్యం మీద బతకాలి. ఫారం నింపాలన్నా మనవడి కోసం ఎదురుచూడాలి. ఆ మనవడి తరం మాత్రం వేరు. కేర్ హోములు, గిడ్డంగులు, సెక్యూరిటీ ఉద్యోగాల మీద బతికే అమ్మానాన్నలు, యూనివర్సిటీలో పిల్లలు. 2015లో దలైలామా వచ్చినప్పుడు ఆల్డర్‌షాట్ ఫుట్‌బాల్ స్టేడియంలో సభ పెట్టి వేలమంది చేరిన సమాజం అది.

ఓటు విషయం ఒకటి చెప్పాలి. కామన్వెల్త్ దేశస్థుడు బ్రిటన్‌లో వీసా మీద ఉంటున్నా పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు. ఘానా మనిషికి ఆ హక్కుంది. చదువుకోడానికి వెళ్లిన మన గుంటూరు, వరంగల్ పిల్లలకీ ఉంది, చాలామందికి ఆ సంగతే తెలీదు. నేపాల్ కామన్వెల్త్‌లో లేదు కాబట్టి ఇరవై ఏళ్లు యూనిఫాం వేసుకున్న గూర్ఖాకి, బ్రిటిష్ పౌరుడైతే తప్ప లేదు. పౌరుడైతే ఇంకో చిక్కు: నేపాల్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఊళ్లో పొలం మాటేమిటి? ఘానా 2000లోనే ద్వంద్వ పౌరసత్వానికి చట్టం చేసుకుంది. అందుకే లండన్‌లో పనిచేస్తూ ఘానాలోని కుమాసీలో ఇల్లు కట్టుకోవడం వాళ్లకి మామూలు విషయం.

డబ్బు పోగేసే పద్ధతి దగ్గర మాత్రం ఇద్దరూ మనకి చుట్టాలే. ఘానా వాళ్లు 'సుసు' అంటారు, నేపాలీలు 'ధుకుటి' అంటారు. మన చీటీ. పదిమంది నెలనెలా వేసుకుని వంతులవారీగా ఎత్తుకోవడం. బ్యాంకు లోన్ ఇవ్వని రోజుల్లో షాపు అడ్వాన్సులు, ఇంటి డిపాజిట్లు ఇలాగే పుట్టాయి. చావు ఖర్చు కూడా ఘానా వాళ్లలో ఉమ్మడిదే. హాలు తీసుకుని, నలుపు ఎరుపు బట్టల్లో వచ్చి, ఎవరెంత వేశారో మైకులో చదువుతారు. మన పెళ్లి చదివింపులు గుర్తొస్తాయి.

పెన్షన్ తగువు ఇంకా నడుస్తూనే ఉంది. 2007లో గూర్ఖాలకి మిగతా బ్రిటిష్ సైనికుల పెన్షన్ స్కీముకి మారే అవకాశం ఇచ్చారు గానీ 1997 జూలై 1కి ముందు సర్వీసుని పూర్తి విలువతో లెక్కలోకి తీసుకోలేదు, ఆ తేదీకి ముందే రిటైరైనవాళ్లని అసలు చేర్చనేలేదు. 2021 ఆగస్టులో మాజీ గూర్ఖాలు ప్రధాని నివాసం ఎదుట 13 రోజులు నిరాహారదీక్ష చేశారు. చర్చలకి ఒప్పుకున్నాక విరమించారు.

ఇప్పుడు బ్రిటన్‌కి సిపాయిల కంటే నర్సుల అవసరం ఎక్కువ. ఘానా పేరు నర్సుల్ని పిలిచి తెచ్చుకోకూడని దేశాల ఎర్ర జాబితాలో ఉంది. అయితే ఎవరికి వాళ్లు అప్లై చేసుకుంటే అడ్డులేదు. 2022 ఒక్క ఏడాదిలోనే 1,200 మందికి పైగా ఘానా నర్సులు బ్రిటన్ రిజిస్టర్‌లో చేరారు. అదే ఏడు ఆగస్టులో నేపాల్ ప్రభుత్వం, బ్రిటన్ ప్రభుత్వం నర్సుల కోసం ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ప్రయోగంగా మొదటి నర్సుల్ని తీసుకునేది హాంప్‌షైర్ ఆసుపత్రులని నిర్ణయించారు. ఆల్డర్‌షాట్ ఉన్నది ఆ కౌంటీలోనే.