చదవొద్దనుకున్నా చదువుడే

మా మేనత్త యాభై అయిదో ఏట చదవడం నేర్చుకుంది, మనవరాలి రెండో తరగతి తెలుగు వాచకం ముందేసుకుని. అంతకుముందు కోఠి బస్టాపులో వచ్చిన ప్రతి బస్సుకీ "బిడ్డా, ఇది అఫ్జల్‌గంజ్ పోతదా?" అని పక్కవాళ్లను అడిగేది. నేర్చుకున్న కొన్నాళ్లకు నాతో అంది: "చదవొద్దనుకున్నా చదువుడే అయితున్నదిరా. బోర్డు కనవడితే చాలు."

ఎంత నిజమో! అక్షరం వచ్చినవాడు అక్షరాన్ని ఉత్త గీతలుగా చూడలేడు. మాటలైతే పసివాళ్లకు వింటూ వింటూనే వచ్చేస్తాయి. చదువు అలా రాదు. మనిషి రాయడం మొదలుపెట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది. అంత తక్కువ కాలంలో చదవడానికంటూ మెదడులో కొత్త భాగం పుట్టుకురాదు. అందుకే వేరే పని మీదున్న భాగాలే ఈ పనీ అందుకుంటాయి. మెదడు ఎడమ సగంలో, వెనకవైపు అడుగున, వస్తువుల్నీ ముఖాల్నీ గుర్తుపట్టే ప్రాంతాల పక్కనే ఒక చిన్న చోటు అక్షరాలకు అలవాటు పడుతుంది. ఏ లిపి చదివేవాళ్లకైనా దాదాపు అదే చోటు. మన ఊళ్లో ఒకే దుకాణం బోర్డు మీద తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. రెండూ చేరేది తలలో ఆ ఒక్క చోటికే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వయసు మీరాక మెదడు మారుతుందా అని కొందరి అనుమానం. లక్నో దగ్గరి పల్లెల్లో చదువు రాని పెద్దవాళ్లకు, ఎక్కువమంది ఆడవాళ్లే, ఆరు నెలలు దేవనాగరి నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. చూపు ఎటు తిప్పాలో చూసుకునే లోపలి భాగాలకూ, చూసినదాన్ని అర్థం చేసుకునే పైపొరకూ మధ్య పొందిక పెరిగింది. ఆరు నెలల్లోనే!

ఆ చూపు సంగతి మీరే గమనించవచ్చు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటున్న మనిషికి ఎదురుగా కూర్చుని ఆయన కళ్లు చూడండి. వాక్యం వెంట అవి నున్నగా జారవు, పిచ్చుకలా గెంతుతాయి. ఒక్కో చోట పావు సెకను ఆగి, మళ్లీ గెంతు. గెంతే క్షణంలో మనకు దాదాపు ఏమీ కనిపించదు. ఆగినప్పుడైనా స్పష్టంగా కనిపించేవి కొద్ది అక్షరాలే. ఇంత ముక్కలు ముక్కలుగా చూసినదాన్నే మెదడు ఒక వర్షంగా, ఒక ఊరుగా, ఒక ఏడుపుగా అల్లేస్తుంది. కథలో మునిగినవాళ్లకు పిలిచినా వినపడదంటే వినపడదు మరి.

పుస్తకం చేసే మేలు ఇంకొకటుంది. ఇంగ్లిషులో లెక్క కట్టి చూస్తే, పెద్దచదువులు చదివిన స్నేహితుల కబుర్లలో కన్నా పిల్లల పుస్తకాల్లోనే అరుదైన మాటలు ఎక్కువ దొరికాయి. తెలుగులోనూ అంతేనని నా నమ్మకం. 'గోధూళి', 'చిగురుటాకు' ఇంట్లో ఎవరి నోట వింటున్నాం? ఫోన్‌లో చదివితే చాలదా అంటే, కథకైతే పెద్ద తేడా ఉండదు కానీ, సమాచారం బుర్రకెక్కించుకోవాలంటే, ముఖ్యంగా టైమ్ తక్కువ ఉంటే, కాగితానిదే పైచేయి అని చాలా పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది.

పోయిన ఆదివారం అత్తను అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లాను. పసుపెక్కిన ఒక కథల సంపుటి తీసి ముందు వాసన చూసింది. "మిఠాయి లెక్క ఉన్నదిరా." కాగితంలోని లిగ్నిన్ అనే కలప పదార్థం ఏళ్ల తరబడి విరుగుతూ వదిలే ఆవిర్లలో వెనీలా వాసననిచ్చే పదార్థం కూడా ఉంటుంది. అట్ట తిప్పితే నీలిసిరాతో ఎవరో రాసుకున్న రెండు వరసలు. అత్త వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒత్తు దగ్గర ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ చదివింది: "పె...ళ్లి రోజు కా...నుక. 1974."

పక్కన బస్సు హారన్ కొట్టింది. తలెత్తలేదు. "ఆగు బిడ్డా, లోపల ఏమున్నదో చూస్త" అని పేజీ తిప్పింది.