పావు వంతు పందెం

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. వయసు 31, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "వయసులో ఉన్నప్పుడే అంతా షేర్లలో పెట్టెయ్యమంటారు ఆఫీసులో. అనంతపురంలో నాన్నగారు ఎఫ్‌డీ వెయ్యి, లేదా స్థలం కొను అంటారు. నాకేమో సిగరెట్లు, మందు అమ్మే కంపెనీల లాభం వద్దనిపిస్తుంది. ఇందులో ఏది లెక్క, ఏది సెంటిమెంటు?"

మూడింటి వెనకా లెక్క ఉంది. అది ఒక నాణెంతో తేలుతుంది కాబట్టి షేరంటే ఏమిటి, ఫండంటే ఏమిటి అన్న పాఠం వదిలేసి నాణెం దగ్గరికే వెళదాం.

బొమ్మ పడితే పందెం సొమ్ముకి 50 శాతం కలుస్తుంది. బొరుసు పడితే 40 శాతం పోతుంది. రెండింటికీ సమాన అవకాశం. సగటు చూస్తే ప్రతి ఆటకీ 5 శాతం లాభం. ఎవరైనా ఆడెయ్యమనే అంటారు.

ఇప్పుడు లక్ష రూపాయలతో మొదలుపెట్టి, ప్రతిసారీ చేతిలో ఉన్నదంతా పెట్టండి. బొమ్మ పడింది: లక్షా యాభై వేలు. బొరుసు పడింది: తొంభై వేలు. ముందు బొరుసు, తర్వాత బొమ్మ పడినా అంతే: అరవై వేలు, ఆపైన తొంభై వేలు. చెరొకసారి పడ్డాక పది వేలు తరుగు. 20 ఆటల్లో పది బొమ్మలు, పది బొరుసులు పడితే చివరికి మిగిలేది సుమారు 34,900.

సగటు లాభం ఎటు పోయింది? అబద్ధమేమీ కాదు, అది ఉంది. ఈ ఆట ఎంతోమంది ఆడారనుకోండి. 20 ఆటల తర్వాత అందరి సొమ్మూ కలిపి తలా ఇంత అని పంచితే మనిషికి రెండు లక్షల అరవై వేల పైచిలుకు వస్తుంది. కానీ ఆ సొమ్మంతా కొద్దిమంది దగ్గరే పోగుపడింది. వరసగా 20 బొమ్మలు పడినవాడి లక్ష 33 కోట్లు దాటుతుంది. అలాంటివాడు పది లక్షల నలభై ఎనిమిది వేల మందిలో ఒకడు. పెట్టిన లక్షయినా దక్కాలంటే 20లో కనీసం 12 బొమ్మలు పడాలి. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు నష్టంతోనే లేస్తారు. ఆఫీసు కాంటీన్‌లో వినపడేది మాత్రం నాలుగో మనిషి గొంతు.

ఇంటర్‌లో అంకమధ్యమం (కూడి భాగించే మామూలు సగటు), గుణమధ్యమం (గుణించి మూలం తీసే సగటు) రెండూ నేర్పుతారు. సూత్రం రాయిస్తారు, మార్కులు వేస్తారు, రెండోది ఎందుకో చెప్పరు. ఇదిగో ఇందుకు. డబ్బు కూడికలో పెరగదు, గుణకారంలో పెరుగుతుంది. 1.5 ని 0.6 తో గుణిస్తే 0.9. దాని వర్గమూలం 0.949. అంటే ఆటకి 5 శాతం తరుగు. అంకమధ్యమం 5 శాతం లాభం చూపించిన చోటే గుణమధ్యమం 5 శాతం నష్టం చూపిస్తోంది. ఈ ఒక్క సంగతి పదిహేడేళ్ల పిల్లలకి నాణేలు ఎగరేయించి చూపిస్తే జీవితాంతం గుర్తుంటుంది.

అదే నాణెంతో ఇప్పుడు ప్రతిసారీ చేతిలో ఉన్నదాంట్లో పావు వంతే పెట్టండి, మిగతాది పక్కనుంచండి. బొమ్మకి మొత్తం మీద 12.5 శాతం పెరుగుతుంది, బొరుసుకి 10 శాతం తగ్గుతుంది. 1.125 × 0.9 = 1.0125. పది బొమ్మలు, పది బొరుసులు పడ్డాక లక్ష కాస్తా 1,13,000 అయింది! నాణెం మారలేదు, అదృష్టం మారలేదు, పెట్టిన వంతు మారిందంతే. సగం పెడితే? 1.25 × 0.8 = 1. సరిగ్గా ఒకటి, ఎదుగూ బొదుగూ లేదు. చేతిలో ఉన్నదానికి అంత మరో లక్ష అప్పు తెచ్చి రెండింతలు పెడితే? బొమ్మకి రెట్టింపు, బొరుసుకి 80 శాతం గల్లంతు. 2 × 0.2 = 0.4. రెండు ఆటల్లో అరవై వేలు పోయాయి.

పావు వంతు దగ్గరే ఎదుగుదల అన్నిటికంటే ఎక్కువ. ఇది 1956లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో జాన్ కెల్లీ రాసిన సూత్రం నుంచి వస్తుంది. గెలిచే అవకాశాన్ని ఓడితే పోయే భాగంతో భాగించండి: 0.5 ÷ 0.4 = 1.25. ఓడే అవకాశాన్ని గెలిస్తే వచ్చే భాగంతో భాగించండి: 0.5 ÷ 0.5 = 1. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 0.25. నాణేనికి అవకాశాలు ఖచ్చితంగా తెలుసు, మార్కెట్‌కి తెలియవు. లాభం వచ్చే అవకాశాన్ని కాస్త ఎక్కువగా ఊహించుకున్నా పెట్టవలసిన వంతు దాటేస్తారు. అందుకే తెలిసినవాళ్లు సూత్రం చెప్పినదాంట్లో సగమే పెడతారు. మన నాణేనికి అది ఎనిమిదో వంతు. అప్పుడు ఎదుగుదల వేగంలో ముప్పాతిక వంతు దక్కుతుంది, ఒడిదుడుకులు సగానికి తగ్గుతాయి. ఇంత మంచి బేరం లెక్కల్లో అరుదు.

రెండింతల పందెమంటే మన దగ్గర ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్‌అండ్‌ఓ), అంటే కొద్ది సొమ్ము కట్టి పెద్ద మొత్తం మీద పందెం కాసే ఒప్పందాలు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఎఫ్‌అండ్‌ఓ ఆడిన వ్యక్తుల్లో 100కి 93 మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. బ్రోకరేజీ, పన్నులు కూడా అందులో తమ వంతు తింటాయి. "వరసగా ఐదు బొరుసులు పడ్డాయి, ఈసారి బొమ్మ ఖాయం" అని పందెం పెంచేవాళ్లూ, అమావాస్య వెళ్లేదాకా ఆగి కొనేవాళ్లూ చేసే తప్పు ఒకటే. నాణేనికి జ్ఞాపకం లేదు, పంచాంగం తెలియదు.

ఇక నాన్నగారు. ఒకే మొత్తం పోయినా అందరికీ ఒకేలా తగలదని గణితవేత్త డేనియల్ బెర్నూలీ 1738లోనే రాశాడు. కోటి ఉన్నవాడికి పోయిన లక్ష, రెండు లక్షలే ఉన్నవాడికి పోయిన లక్ష ఒకటి కాదు. రిటైరైన మనిషికి జీతం ఆగిపోయింది, ఖాళీ అయిన సంచిని మళ్లీ నింపే దారి లేదు. నాణెం ఎగరేసే సార్లూ ఇక కొద్దే. ఆయనకి ఎఫ్‌డీయే సరైన లెక్క. ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంది కాబట్టి, అంతకు మించితే ఇంకో బ్యాంకులో వెయ్యాలి.

స్థలం సంగతి వేరు. స్థలంలో పావు వంతు కొనడం కుదరదు. సర్జాపుర రోడ్డులోనో, అనంతపురం బైపాస్ పక్కనో ప్లాటు తీసుకుంటే ఉన్నదంతా ఒకే పందెంలోకి వెళుతుంది. లోను కూడా తీసుకుంటే అది రెండింతల పందెమే. సొంతూళ్లో తన పేరున గజం నేల ఉండాలన్న కోరిక మాత్రం విలువైనదే. అది కావాలనుకుంటే పెట్టుబడి ఖాతాలో రాయకండి, ఇంటి ఖర్చుగా విడిగా రాయండి.

ఈ పాఠకురాలికి నిజంగా జాగ్రత్త చెప్పవలసింది తాను అడగని విషయంలో. ఆమెకి జీతంతో పాటు కంపెనీ ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ విడతలుగా ఇచ్చే సొంత షేర్లు, వస్తున్నాయి. దాచుకున్నది 25 లక్షలు, అందులో 15 లక్షలు సొంత కంపెనీ షేర్లే అనుకుందాం. నెల జీతం లక్షన్నర. కంపెనీకి గడ్డుకాలం వస్తే షేరు సగానికి పడుతుంది, అదే నెలలో ఉద్యోగాల కోతా మొదలవుతుంది. షేర్లలో ఏడున్నర లక్షలు, ఆరు నెలలు ఖాళీగా ఉంటే జీతంలో తొమ్మిది లక్షలు, మొత్తం పదహారున్నర లక్షలు ఒకే బొరుసుకి పోయాయి. ఆర్‌ఎస్‌యూ వెస్ట్ అయిన రోజే, అంటే షేరు మీ సొంతమైన రోజే, దాని విలువ మీద జీతం కింద పన్ను పడిపోతుంది. వెంటనే అమ్మితే లాభం మీద పన్ను దాదాపు ఉండదు. చాలామంది "పెరిగాక అమ్ముదాం" అని ఉంచేస్తారు. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇదే సొమ్ము ఇవాళ నగదుగా చేతికి వస్తే దాంతో ఇదే షేరు కొంటానా?

ఎంత వంతు పెట్టాలో తేల్చుకోవడానికి యాప్‌లు పది ప్రశ్నలు వేసి "మీరు సాహసి" అని ముద్ర వేస్తాయి. మార్కెట్ ఎక్కుతున్న రోజున అడిగితే అందరూ సాహసులే. శాతాల్లో అడగడం ఇంకో లోపం. రూపాయల్లో అడగాలి. 2008 జనవరిలో 21,000 దగ్గరున్న సెన్సెక్స్ 2009 మార్చికి 8,200 దిగువకి పడింది, అంటే 60 శాతం పైగా. కాబట్టి ఇలా చెయ్యండి. ఆరు నెలల ఖర్చు విడిగా తియ్యండి. మూడేళ్లలోపు కావలసింది, తమ్ముడి ఫీజు, అమ్మ ఆపరేషన్, ఇంటి అడ్వాన్సు, అదీ తియ్యండి. మిగిలినదాంట్లో ఎంత పోయినా నిద్ర పడుతుందో కాగితం మీద రాసి 0.6తో భాగించండి. 5 లక్షలు రాస్తే 8 లక్షల 33 వేలు. షేర్లలో అంతకు మించొద్దు. రాసే అంకెలో కాస్త తగ్గించుకోండి కూడా. పోయిన వెయ్యి బాధ తీరాలంటే 2,250 రావాలన్నది 1992లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ వేసిన అంచనా. కాగితం మీద ఆ బాధ కనపడదు. అది తెలిసేది పడిపోతున్న రోజున, అప్పుడే జనం అడుగున అమ్మేసి బయటపడతారు.

ఇక సిగరెట్లు. విలువలకి ధర ఉంటుంది, దాన్ని రూపాయల్లో చెప్పొచ్చు. పెద్ద సంస్థలు మొహమాటంతో ముట్టని షేర్లు చవకగా పడి ఉంటాయి, అందుకే కొన్నవాళ్లకి ఎక్కువ రాబడి వచ్చిందని అమెరికా మార్కెట్ మీద 2009లో ఆర్థికవేత్తలు హాంగ్, కాట్స్‌పెర్‌చిక్ చూపించారు. అది పొగాకు మహిమ కాదు, ఆ కంపెనీల లాభదాయకత ఫలితమని తర్వాతివాళ్లు వాదించారు. వాదన ఎటు తేలినా ధర ఇలా కట్టండి. ఇండెక్స్‌లో (నిఫ్టీ లాంటి, పెద్ద కంపెనీల షేర్ల సూచీలో) 100కి 3 వంతులున్న కంపెనీని మీరు వదిలేశారు, అది మిగతావాటికంటే ఏటా 5 శాతం ఎక్కువ పెరిగింది అనుకుందాం. 8 లక్షల మీద మీరు వదులుకున్నది ఏడాదికి 1,200 రూపాయలు. వడ్డీ సొమ్ము వద్దని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలన్నీ వదిలేసేవారికి లెక్క వేరు. నిఫ్టీ 50లో మూడో వంతుకి పైగా అవే, కాబట్టి మిగిలేది వేరే ఒడిదుడుకులున్న ఇంకో నాణెం. ఇస్లాం నియమాల ప్రకారం వడ్డీ వ్యాపారాలు తీసేసిన నిఫ్టీ 50 షరియా సూచీ పక్కన మామూలు నిఫ్టీ 50 గీత పెట్టి చూస్తే ఆ తేడా కంటికే కనపడుతుంది.

ఒక మెళకువ. మామూలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ (సూచీలో ఉన్న షేర్లన్నీ అదే వంతున కొనే ఫండ్) కొంటే సిగరెట్లు అమ్మే ఐటీసీ అందులోనే ఉంటుంది. అది వద్దంటే యాక్టివ్ ఫండ్ (మేనేజరు షేర్లు ఏరి కొనేది) వెతుక్కోవచ్చు, లేదా షేర్లు విడిగా కొనుక్కోవచ్చు. ఫండ్‌లు తమ దగ్గరున్న షేర్ల జాబితాని ప్రతి నెలా ప్రకటిస్తాయి. అందులో రంగం పేరు చూసి వదిలెయ్యొద్దు. ఐటీసీ ఎఫ్‌ఎంసీజీ (రోజువారీ వాడుక సరుకులు) కింద కనపడుతుంది, మద్యం కంపెనీలు బెవరేజెస్ కింద. కంపెనీ పేర్లే ఒక్కొక్కటీ చదవాలి.